నీళ్లు దించే బావి

బావి దగ్గరి క్వార్టర్,
ఎండలు ముదురుతున్న వారం

అక్కా,

క్షేమంగా చేరాను. రెండు గదులు, ఒక వంటగది, గదికో కిటికీ. అన్నీ నావే! అత్తగారింట్లో ఏ గిన్నె ఎక్కడ పెట్టాలన్నా అడిగి పెట్టేదాన్ని కదా, ఇక్కడ పొద్దున్నే డబ్బాలన్నీ ఒక గూట్లో సర్ది, మధ్యాహ్నం తీసి ఇంకో గూట్లో సర్దాను. అడిగేవాళ్లు లేరు. ఎంత బాగుందో!

వంటగది కిటికీ తెరిస్తే ఎదురుగా బావి. బావి అనగానే గిలక, చేద అనుకోకు. నేనూ అలాగే అనుకుని, వచ్చిన రోజే బిందె చంకన పెట్టుకుని బయల్దేరాను. ఆయన గుమ్మంలో నిలబడి "ఎక్కడికి?" అన్నారు. బావి వైపు చూపించాను. నవ్వు ఆపుకోలేక ఆయన తలుపు పట్టుకున్నారు. ఇది నీళ్లు తోడే బావి కాదక్కా, నీళ్లు దించే బావి!

ఏట్లో వదలకూడని, చేనుకి పనికిరాని ఫ్యాక్టరీ నీళ్లుంటాయి కదా, అవి ట్యాంకర్లలో ఇక్కడికి వస్తాయి. పంపు పెట్టి వాటిని భూమి లోపలికి నెడతారు. మనం తాగే నీళ్లకి ఎంతో కింద, గట్టి రాతి పొర అడుగున ఇసుకరాయి ఉందట. అది స్పంజిలా పీల్చుకుంటుందట. పైన రాయి మూతలా ఉంటుంది కాబట్టి ఇక పైకి రావట. రెండు రకాల నీళ్లు వస్తాయి. గ్యాస్ తీసే చోటి నుంచి ఉప్పునీళ్లు, రంగుల ఫ్యాక్టరీ నుంచి పులుపు వాసన నీళ్లు. దేని ట్యాంకు దానిదే. ఒక పూట ఇవి, ఒక పూట అవి దించుతారు.

ఇంత గడగడా ఎలా చెబుతున్నానా అనుకుంటున్నావు కదూ! అంతా ఆయన చెప్పిందే. అన్నిటికీ నేను "ఊ" అన్నాను. నూరు ప్రశ్నలు గొంతుదాకా వచ్చాయి, "ఊ" ఒక్కటే బయటికొచ్చింది.

ఒక్క దిగులు మాత్రం ఉంది. బావి మెడ దగ్గర ఒక మీటరు ఉంది. నీళ్లు లోపలికి దిగడానికి ఎంత బలం పెట్టాల్సి వస్తోందో దాని ముల్లు చూపిస్తుంది. ఆ ముల్లు నెలనెలా పైకి పాకుతోంది. కారణం గార. పళ్లకి పట్టే గార లాంటిదే. వీళ్లు స్కేలు అంటారు. నీళ్లలో కరిగి ఉన్న ఖనిజాలు రాయిలా పేరుకుని దారి మూసేస్తాయి. ఇదివరకు పనిచేసిన బావిలోంచి తీసిన పైపు ముక్క ఆయన దాచుకున్నారు. చెయ్యి పట్టేంత పైపులో నా చిటికెన వేలు కూడా దూరలేదు!

ముల్లు ఎర్రగీతకి తగిలితే బావి మూసేయాలి. అంతకు మించి నెడితే లోపలి రాయి పగులుతుందట, అందుకని రూలు. బావి మూస్తే ఈ క్వార్టర్ ఉండదు. ఆయనకి మళ్లీ చోటు మారే డ్యూటీ, నాకు మళ్లీ అత్తగారిల్లు. అందుకే పొద్దున లేవగానే దేవుడికంటే ముందు ముల్లుకి దండం పెడుతున్నాను.

వచ్చేవారం యాసిడ్ పోసి బావిని కడుగుతారట. గార బుసబుస పొంగి కరిగిపోతుందట! నాకైతే ఇప్పటి నుంచే కాళ్లు నేల మీద నిలవడం లేదు.

నీ
పిట్ట


కుట్టు షాపు, మిషన్ మీదే పెట్టుకుని

ఒసే పిట్టా,

నీ ఉత్తరం చదివి మీ బావ, "మన పిట్టకి ఇన్ని మాటలు వచ్చా?" అని వెనక్కి తిప్పి చూశాడు, ఇంకెవరైనా రాశారేమోనని. కాగితం మీద కోయిల, మనుషుల ముందు బొమ్మ. ఫోన్ చేస్తే "ఊ, ఆ, ఉంటా" అని పెట్టేస్తావు. పోనీ, ఉత్తరాలే రాయి. నాకూ చదువుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా!

బిందె పట్టుకుని మురుగునీళ్ల బావికి వెళ్లినదానివి నువ్వొక్కదానివే ఉంటావు. షాపుకొచ్చిన వాళ్లందరికీ చెప్పాను. తిట్టుకో.

ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. మరిదిగారితో ఏమైనా మాట్లాడుతున్నావా? ఆయన బావి గురించి చెబుతుంటే నీకు నచ్చుతోందని ఆయనకి తెలుసా? ఊరికే అడుగుతున్నాను. కారణమేమీ లేదు.

కిటికీ కర్టెన్లకి కొలతలు పంపు. "గుమ్మం కంటే కొంచెం చిన్న" అని రాయకు. కొలిచి రాయి.

అక్క


బావి దగ్గరి క్వార్టర్,
వడగాలి రోజు

అక్కా,

కర్టెన్ల కొలతలు వెనక పేజీలో ఉన్నాయి. అవి పక్కన పెట్టి ముందు ఇది చదువు.

యాసిడ్ రోజు జాతరే అనుకో! పెద్ద లారీ వచ్చింది, గొట్టాలు వచ్చాయి, ముఖాలకి అద్దాలు, చేతులకి మోచేతి దాకా తొడుగులు. కిటికీలు మూసుకుని లోపలే ఉండమని నాతో చెప్పి వెళ్లారు. మూశాను. సందులోంచి చూశాను. ముల్లు కొంచెం దిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. లోపల నేనూ కొట్టాను, చప్పుడు రాకుండా.

వారం తిరిగేసరికి ముల్లు మళ్లీ ఎక్కింది. ముందు కంటే ఒక గీత ఎక్కువే. ఆయన భోజనం దగ్గర కూర్చుని, "కరగాల్సిన గార కరగలేదు, ఎందుకో అర్థం కావడం లేదు" అన్నారు. నాతోనే అన్నారో, గోడతో అన్నారో. గార పట్టకుండా నీళ్లలో చుక్కచుక్కగా ఒక మందు కలుపుతారు. దాన్నీ పెంచి చూశారు. లాభం లేకపోయింది.

ఇప్పుడు నా ఘనకార్యం విను. ఎవరికీ చెప్పకు. బావకి కూడా.

వారానికోసారి రెండు రకాల నీళ్లూ సీసాల్లో పట్టి ల్యాబుకి పంపుతారు. ఉప్పునీళ్లకి ఎర్రమూత, రంగుల ఫ్యాక్టరీ నీళ్లకి నీలంమూత. వ్యాన్ వచ్చేదాకా అవి మా ముందు గది కిటికీలో ఉంటాయి. దుమ్ము దులుపుతుంటే నా చెయ్యి తగిలి ఎర్రమూత సీసా పడింది. పగల్లేదు కానీ మూత వదులై సగం ఒలికిపోయింది. సగం సీసా చూసి ఏమంటారో! అప్పుడు ఈ మొద్దు బుర్రకి ఏం తోచిందో తెలుసా? పాలు తగ్గితే చెంబెడు నీళ్లు పోసి సరిచేసినట్టు, నీలంమూత సీసాలోంచి కొంచెం ఇందులోకి వంచాను. రెండూ నీళ్లే కదా, రెండూ తేటగానే ఉన్నాయి కదా అని!

అక్కా, నా కళ్ల ముందే అవి తెల్లగా పాలైపోయాయి! ఒట్టు! భయపడి సీసా తీసుకెళ్లి వంటగదిలో పిండి డబ్బా వెనక దాచేశాను. మర్నాడు చూస్తే పైన నీళ్లు తేరుకున్నాయి, అడుగున తెల్లటి పొడి కూర్చుంది. ఊపితే లేచింది, మళ్లీ కూర్చుంది. ఇంకా అక్కడే ఉంది. పిండి తీసినప్పుడల్లా అది నన్నే చూస్తున్నట్టు ఉంటుంది.

ఎర్రమూత సీసా కనపడక ఆయన వ్యాన్ నడిపే తాతని అడిగారు. "ముందే తీసుకెళ్లి ఎక్కడో పెట్టి మర్చిపోయావా, తాతా?" అన్నారు. తాతకి కోపం వచ్చింది. "ఏం బాబూ, మీ మురుగునీళ్లు నేనేమన్నా అత్తరనుకుని ఎత్తుకుపోతానా? పుట్టి బుద్ధెరిగాక ఒక్క సీసా పోగొట్టలేదు" అన్నాడు. తలుపు చాటున నిలబడి అంతా విన్నాను.

ఆయన వేరే సీసా పట్టి పంపారు. అయిపోయింది కదా, ఇంకేం చెప్పక్కర్లేదు కదూ?

పిట్ట


కుట్టు షాపు

ఓసి నా పిచ్చి పిట్టా,

అయిపోలేదు.

నవ్వి నవ్వి సూదిలో దారం ఎక్కించలేకపోయాను, అది వేరే సంగతి. పాలలో నీళ్లు పోసేవాళ్లని చూశాను, నీళ్లలో నీళ్లు పోసి పాలు చేసినదానివి నువ్వే. నీళ్లు ఎందుకు తెల్లబడ్డాయో నాకు తెలీదు. అది వాళ్ల గొడవ. నాకు తెలిసింది ఒక్కటే. ఏ తప్పూ చెయ్యని పెద్దాయన నీ మూలంగా మాట పడ్డాడు. అది నువ్వు పిండి డబ్బా వెనక దాచలేవు.

మరిదిగారికి చెప్పేయ్. కరవరు. నాకు తెలుసు. ఎలా తెలుసని అడక్కు.

కర్టెన్లు కత్తిరించాను. ఆకుపచ్చ. ఆ ఇంటి కిటికీలకే తగిలించాలి. కాబట్టి ఆ ముల్లుని కాస్త ఆగమని చెప్పు.

అక్క


బావి దగ్గరి క్వార్టర్,
మబ్బులు పట్టి వాన రాని రోజు

అక్కా,

ముల్లు ఎర్రగీతకి వెంట్రుకవాసిలో ఉంది. మొన్న పెద్ద ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చారు. ఈ నెలాఖరుకి దిగకపోతే మూసేయడమే అని చెప్పి వెళ్లారు. ఆయన సాయంత్రం ఆ పాత పైపు ముక్క ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు, పసిపిల్లని పెట్టుకున్నట్టు.

నేను చెబుదామని ఎన్నిసార్లు నోరు తెరిచానో! ఒకసారి తెరిస్తే "ఇంకొంచెం వడ్డించనా" అని వచ్చింది. ఇంకోసారి తెరిస్తే దగ్గు వచ్చింది. "ఒంట్లో బాలేదా?" అని ఆయన వేడినీళ్లు పెట్టి ఇచ్చారు. అవి తాగి సిగ్గుతో చచ్చాను.

చివరికి, నాకు కాగితం మీదే కదా మాటలు వచ్చేది, అందుకని ఒక పని చేశాను. ఇల్లు ఒకటే, మనుషులం ఇద్దరం, మధ్య గోడ ఒక్కటి. ఆ గోడ మీంచి ఉత్తరం రాశాను! కింద నకలు ఉంది, చదువు. చదివి నవ్వు. నవ్వినా ఫర్వాలేదు.


వంటగది నుంచి

ముందు గదిలో పేపరు చదువుతున్న మీకు,

నోటితో చెప్పలేక రాస్తున్నాను. టీ కప్పు కింద పెడతాను. ముందు టీ తాగండి, తర్వాత కోప్పడండి.

వ్యాన్ తాత మీ సీసా పోగొట్టలేదు. దుమ్ము దులుపుతూ నేను ఒలకబోశాను. అది కప్పిపుచ్చడానికి నీలంమూత సీసాలోంచి కొంచెం ఎర్రమూత సీసాలో పోశాను. పోయగానే నీళ్లు తెల్లగా అయిపోయాయి. నేను పాడుచేశాననుకుని పిండి డబ్బా వెనక దాచాను. అడుగున తెల్లపొడి ఉంది. తాతకి మీరు క్షమాపణ చెప్పాలి. కాదు, నేను చెప్పాలి. నాతో రండి, నాకు ఒక్కదానికి మాట రాదు.

ఇంకో సంగతి కూడా రాసేస్తున్నాను, కాగితం ఎలాగూ మిగిలింది. మీరు బావి గురించి చెప్పినప్పుడల్లా నేను "ఊ" అంటాను కానీ, నాకు వినడం చాలా ఇష్టం. ఈ ఇల్లు కూడా ఇష్టం.


ముందు గది నుంచి, అదే కాగితం అడుగున

కోపం లేదు. అస్సలు లేదు. సీసా పారబోశావా? పారబోయకు!! ఎక్కడుంది? ఏ సీసాలోంచి ఏ సీసాలోకి పోశావు? త్వరగా చెప్పు!


బావి దగ్గరి క్వార్టర్,
తర్వాతి రోజు

అక్కా అక్కా అక్కా,

నిన్న ఉత్తరం పోస్టులో వేసేలోపే ఇంకో ఉత్తరం రాయాల్సి వచ్చింది! రెండూ ఒకే కవరులో పెడుతున్నాను. బరువెక్కువైతే స్టాంపు డబ్బులు నువ్వు కట్టుకో.

ఆయన ఆ నాలుగు ముక్కలు గబగబా రాసి, కాగితం పట్టుకుని వంటగది గుమ్మం దగ్గరికి వచ్చి నాకు అందించారు. నేను చదివి, పెన్సిల్ కోసం వెతుకుతున్నాను. అప్పుడు ఆయన, "అయ్యో, మనం మాట్లాడుకోవచ్చు కదా!" అన్నారు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని ఒకటే నవ్వు.

పిండి డబ్బా వెనక నుంచి సీసా తీసి ఇచ్చాను. ఆయన దాన్ని వెలుగుకి పెట్టి చూశారు. ఊపారు. మళ్లీ చూశారు. "ఇదే. మన బావిలో జరుగుతున్నది ఇదే" అన్నారు. నాకు అర్థం కాలేదు. అడిగాను. అవునక్కా, నోటితోనే అడిగాను! "ఏం జరుగుతోంది? ట్యాంకులు వేరు కదా, ఒక పూట ఇవి, ఒక పూట అవి దించుతారు కదా, ఇంకెక్కడ కలుస్తాయి?" అన్నాను.

ఆయన వేలు కిందికి చూపించారు.

పైన కలవవు కాబట్టి పైన ఎవరికీ కనపడలేదు. లోపల, రాతిలో కలుస్తున్నాయి. కలిసిన చోట ఈ తెల్లపొడి పుట్టి దారులు మూసేస్తోంది.

కాళ్లకి చెప్పులు కూడా వేసుకోకుండా ఆఫీసుకి పరిగెత్తి ల్యాబు మేడంకి ఫోన్ చేశారు. ఆవిడ ఇవాళ పొద్దున్నే వచ్చేశారు. కళ్లజోడు తల మీద పెట్టుకుని, కళ్లజోడు ఏదని వెతికే మనిషి. నాకు భలే నచ్చారు. మా వంటగది బల్ల మీదే కొత్త సీసాలు పెట్టి ఎర్రమూతది, నీలంమూతది కలిపారు. మళ్లీ పాలు! మేడం చిన్నపిల్లలా ఎగిరారు. "బావి మొదలుపెట్టినప్పుడు ఈ రెండూ కలిపి చూశాను. అప్పుడు తేటగానే ఉన్నాయి. మధ్యలో ఏదో మారింది!" అన్నారు. అడుగున కూర్చున్న పొడి మీద యాసిడ్ చుక్క వేశారు. బుస్సుమనలేదు, ఉలకలేదు, పలకలేదు. "అందుకే మనం కడిగినా కరగలేదు. పాత బావిలో గార వేరు, ఇది వేరు" అన్నారు ఆయన.

రంగుల ఫ్యాక్టరీకి ఫోన్ చేస్తే తెలిసింది. కిందటేడు వాళ్లు, ఉప్పునీళ్లు తగిలితే తెల్లపొడి అయ్యే వేరే యాసిడ్‌కి మారారట. "అదేమన్నా చెప్పాల్సిన విషయమా?" అన్నారట. మేడం ఫోన్‌లో ఏమన్నారో రాయను. మర్యాదగా ఉండదు.

"మీరు ఎన్ని చుక్కలు పోస్తే తెల్లబడిందమ్మా?" అని మేడం నన్ను అడిగారు. "చుక్కలు కాదండీ, గాభరాలో గుబుక్కున పోశాను" అన్నాను. అందరూ నవ్వారు. ఆవిడ మరీ నవ్వారు.

ఇప్పుడు చెయ్యబోయేది విను. ఇన్నాళ్లూ వేరుగా ఉంచిన నీళ్లని ఇక పైనే కలిపేస్తారు! ఒక పెద్ద తొట్టిలో రెండూ పోసి, పుట్టే తెల్లపొడి అంతా అక్కడే అడుగుకి దిగనిస్తారు. పైన తేరిన నీళ్లని వడకట్టి, మందు చుక్కలు కలిపి, అప్పుడు బావిలోకి దించుతారు. లోపల ఇప్పటికే పట్టిన గారకి వేరే మందు ఉందట. అది పోసి బావికి కొన్నాళ్లు విశ్రాంతి ఇవ్వాలి. పెద్ద ఆఫీసువాళ్లు గడువు పెంచారు. పెంచారక్కా!

వ్యాన్ తాత దగ్గరికి ఇద్దరం వెళ్లాం. దారంతా ఆయన నాకు ధైర్యం చెప్పారు. తీరా వెళ్లాక ఆయనకే మాట పెగల్లేదు. నేనే చెప్పాను. తాత విని, "అయితే అమ్మాయ్, దొంగ నువ్వా!" అని నవ్వి, "బాబూ, ఇంట్లో దొంగని పెట్టుకుని ఊరంతా వెతికారు" అన్నాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

చెయ్యి నొప్పి పుడుతోంది. ఆపుతున్నాను. ఆపలేకపోతున్నాను. ఆపాను.

పిట్ట


కుట్టు షాపు, గిరాకీని పక్కన కూర్చోబెట్టి

పిట్టా,

నీ లావు కవరుకి స్టాంపు డబ్బులు కట్టాను. వడ్డీతో వసూలు చేస్తాను. మీ బావకి చదివి వినిపిస్తే, "తొట్టి ఎంత లోతు? ఎలా వడకడతారు?" అని నన్ను పీక్కుతింటున్నాడు. ఇంటిల్లిపాదీ గార పిచ్చోళ్లమైపోయాం.

ఇప్పుడు నేను దాచింది చెబుతాను. నువ్వు కాపురానికి వెళ్లిన కొన్నాళ్లకే మరిదిగారు నాకు ఉత్తరం రాశారు. "వదినగారూ, మీ చెల్లెలికి నేనంటే భయమా? నాకు బావి గురించి తప్ప వేరే మాటలు తెలియవు. అవే చెబుతుంటే 'ఊ' అంటోంది. విసుగేమో. ఏం మాట్లాడితే ఇష్టపడుతుందో చెప్పండి" అని. నా మిషన్ మీద ఒక పక్క నీ ఉత్తరం, ఒక పక్క ఆయన ఉత్తరం! మొగుడూ పెళ్లాల మధ్య నేను గొట్టంలా నిలబడితే ఆ గారంతా నాకే పడుతుందని ఊరుకున్నాను. మీరే పైన కలిసి, మీరే తేల్చుకున్నారు. బతికించారు.

ముల్లు ఎక్కడుందో వెంటనే రాయి. ఆకుపచ్చ కర్టెన్లు పంపిస్తున్నాను. ఇంటికి తగిలించాలో, మూట కట్టాలో తెలీక నిద్రపట్టడం లేదు.

అక్క


బావి దగ్గరి క్వార్టర్,
వానలు వెలిశాక

అక్కా,

కర్టెన్లు తగిలించాను.

అంతే రాసి కవరు అంటిద్దామనుకున్నాను, నిన్ను ఏడిపించడానికి. కానీ ఆగలేను. ముల్లు దిగిందక్కా! మందు పోసి, విశ్రాంతి ఇచ్చి, మొదటిసారి పంపు వేసిన రోజు అందరం మీటరు చుట్టూ మూగాం. నన్నూ పిలిచారు. ఎర్రగీత దగ్గర్నుంచి ముల్లు మెల్లగా వెనక్కి, ఇంకా వెనక్కి, నేను వచ్చిన రోజు ఉన్నచోటు కంటే కిందికి వచ్చి ఆగింది. ఆగిపోయి అక్కడే ఉంది. ఇప్పటికీ అక్కడే. బావి మూయక్కర్లేదని పెద్ద ఆఫీసు నుంచి కబురు వచ్చింది.

ఆయన ఉత్తరం సంగతి అడిగాను. "మీ అక్కయ్య చెప్పేశారా!" అని దుప్పటి ముసుగేసుకున్నారు. పాపం, ఇప్పుడు మాట్లాడటానికి ఆయనకి సందు దొరకడం లేదు. అంతా నేనే మాట్లాడుతున్నాను.

ఇప్పుడు నాకో పని కూడా ఉంది. ఫ్యాక్టరీవాళ్లు మళ్లీ ఎప్పుడు ఏం మారుస్తారో ఎవరికి తెలుసు? అందుకని ఏ ట్యాంకర్ వచ్చినా, దించే ముందు ఒక చిన్న సీసాడు నీళ్లు పట్టి, వడకట్టిన తొట్టి నీళ్లతో కలిపి కిటికీలో పెట్టి చూడాలని, తెల్లబడితే ఆ ట్యాంకర్ని ఆపాలని మేడం రూలు పెట్టారు. మాది దగ్గరి కిటికీ. చూసేదాన్ని నేను. ఎలా చూడాలో, సీసాలు ఎలా కడగాలో అంతా మేడం దగ్గర కూర్చోబెట్టి నేర్పారు. ఇన్నాళ్లూ తేటగానే ఉన్నాయి. ఊరికే చూడటమే.

నిన్న కొత్త డ్రైవరు ఒకతను రంగుల ఫ్యాక్టరీ ట్యాంకర్ తెచ్చాడు. తొట్టి దగ్గరికి వెళ్లాల్సినవాడు దారి తెలియక, వడకట్టిన నీళ్లుండే ట్యాంకు దగ్గరికి వెళ్లి గొట్టం తగిలిస్తున్నాడు. అక్కడ పోస్తే ఆ నీళ్లు తిన్నగా బావిలోకే. ఆ ట్యాంకర్ గేటు దగ్గర ఉండగానే పట్టి, కలిపి పెట్టిన నా సీసా కిటికీలో చూశాను. తెల్లగా, చిక్కగా ఉంది. ఆయన పంపు గదిలో ఉన్నారు, చప్పుడులో ఏమీ వినపడదు. బయట ఎవరూ లేరు.

అక్కా, నేను అరిచాను. "ఆగండీ! ఆపండీ! అక్కడ కాదండీ!" అని కిటికీ ఊచలు పట్టుకుని గొంతు చించుకుని అరిచాను. డ్రైవరు చేతిలో గొట్టం జారిపోయింది. పంపు చప్పుడు దాటుకుని ఆయనకి వినపడిందంటే చూడు, పరిగెత్తుకుంటూ బయటికి వచ్చారు. గేటు దగ్గర వ్యాన్‌లో కునుకు తీస్తున్న తాత లేచి కూర్చుని, "ఎవరూ! మన సీసాల దొంగే!" అన్నాడట. చుక్క కూడా పోనివ్వలేదు.

ముల్లు కదల్లేదు. నా గొంతు మాత్రం పూర్తిగా పోయింది. పొద్దున్నుంచి గాలే తప్ప మాట రావడం లేదు. ఆయన వేడినీళ్లు పెట్టి ఇస్తున్నారు, ఈసారి సిగ్గుపడకుండా తాగుతున్నాను.

అందుకే ఉత్తరం రాస్తున్నాను. లేకపోతే ఇదంతా ఫోన్‌లోనే చెప్పేదాన్ని. గొంతు రాగానే చేస్తాను. ఎత్తిన తర్వాత మధ్యలో మాట్లాడకు, నన్ను చెప్పనివ్వు.

పిట్ట